బెల్లమా, చెరకు పానకమా: ఏది ఎందులో వెయ్యాలి

సంక్రాంతికి ఇంకా వారం ఉందనగా ఓ శనివారం రాత్రి పదకొండు దాటాక డల్లాస్ నుంచి మా అక్క కూతురు వీడియో కాల్ చేసింది. ఫోన్‌లో దాని మొహం లేదు, మూకుడు ఉంది. నల్లగా మాడిన నూనె, అందులో పొడిపొడిగా తేలుతున్న పిండి.

"పిన్నీ, అరిసెలు విచ్చిపోతున్నాయి."

"ఏటైందే? బెల్లం ఏది వేశావు?"

"బెల్లం అయిపోయింది. ఇండియన్ స్టోరు నలభై నిమిషాల దూరం. పక్క సూపర్ మార్కెట్లో మొలాసిస్ అని సీసా కనిపించింది. చెరకుదే అని రాసుంది. రంగు చూస్తే అచ్చం మన పాకమే. పాకం పట్టే పని కూడా తప్పుతుంది కదా అని నేరుగా పిండిలో పోసేశాను."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఒక చుక్క నాలిక మీద వేసుకోమన్నాను. వేసుకుంది. మొహం చేదుగా పెట్టింది. అప్పుడు అడిగింది అసలు ప్రశ్న: "చెరకు రసాన్నే కదా పిన్నీ కాస్తారు, మరి బెల్లానికీ దీనికీ తేడా ఏంటి?"

పిల్ల తెలివితక్కువది కాదు. సీసా మీద చెరకు అని ఉంది, లోపల నల్లగా చిక్కగా ఉంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ రాత్రి దానికి గంటసేపు చెప్పింది ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. వంటింట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ తికమక అందరికీ వచ్చేదే.

పెనం దగ్గర నిలబడి చూస్తే

మాది అనకాపల్లికి దగ్గర్లో పల్లెటూరు. ఊరి పేరు చెప్పనక్కర్లేదు గానీ, మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా ఎటు తిరిగినా బెల్లం వాసనే. అనకాపల్లి 2022లో జిల్లా అయింది కానీ, బెల్లం మార్కెట్‌గా దాని పేరు దేశమంతా అంతకు ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. చెరకు పరిశోధన కేంద్రమే అక్కడ 1913 నుంచి ఉంది. మా తాతకి రెండెకరాల చెరకు, నలుగురు రైతులతో కలిసి ఒక గానుగ. మా అమ్మ చిన్నప్పుడు ఎద్దులు తిప్పేవట, నాకు తెలిసేసరికి డీజిల్ ఇంజిను వచ్చేసింది.

గానుగలోంచి వచ్చిన రసాన్ని పెద్ద ఇనుప పెనంలో పోస్తారు. కింద పొయ్యిలో మంట ఆ చెరకు పిప్పిదే, ముందు రోజు ఎండబెట్టింది. రసం వేడెక్కగానే కాస్త సున్నపు తేట పడుతుంది, రసంలో పులుపు విరగడానికి. బెండ కాండాలు దంచి నీళ్లలో పిసికిన జిగురు కూడా పోస్తారు. ఆ జిగురు మురికినంతా పట్టుకుని పైకి తెస్తుంది. పచ్చగా, నురగగా తెట్టు కడుతుంది. దాన్ని చిల్లుల గరిటెతో తీసి పారేస్తూనే ఉండాలి. తెట్టు సరిగ్గా తియ్యని బెల్లం ఎంత మెరిసినా పనికిరాదు అనేవాడు మా తాత.

తర్వాత రెండు మూడు గంటలు మరగడమే. రసంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే మరి. అవి పోవాలి. మొదట్లో బుడగలు పెద్దపెద్దవి, పలచగా పగిలిపోతాయి. నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై దట్టంగా లేస్తాయి, పెనం మొత్తం బంగారు రంగు నురగతో ఉబికి వస్తుంది. అప్పుడు రెండు చుక్కలు ఆముదం వేస్తే టక్కున అణిగిపోతుంది. పిల్లలం ఆ సమయానికే కాచుకుని ఉండేవాళ్లం. గుడ్డ మూటలో చిలగడదుంపలు కట్టి పెనంలో వేలాడదీసి ఉడికించిపెట్టేవారు. ఆ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. థర్మామీటరు పెడితే దాదాపు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తెడ్డు పైకెత్తితే తేనెలా ధారగా జారే దశలో, ఇంటి అవసరానికి ఒక బిందె పక్కకి తీసేవారు. అదే చెరకు పానకం. కొందరు తేనెపాకం అంటారు, ఇప్పుడు సీసాల మీద ద్రవ బెల్లం అని రాస్తున్నారు. పెనంలో మిగిలినదాన్ని ఇంకా కాచి, 116, 118 డిగ్రీల దాకా తీసుకెళ్లి, చెక్క తొట్టిలోకి ఒంపి తెడ్డుతో కలియబెడితే గింజ కట్టి గట్టిపడేది. అదే బెల్లం.

అంటే రెండూ ఒక పెనం బిడ్డలే. మధ్యలో తేడా పదీ పన్నెండు డిగ్రీల వేడి, కాసిన్ని నీళ్లు. పానకంలో నూటికి పాతిక ముప్ఫై పాళ్లు నీళ్లు మిగిలి ఉంటాయి, మంచి బెల్లంలో అయిదారు పాళ్లు. రసంలో ఉన్న తీపి, ఉప్పులు, పులుపు, వాసన రెండింట్లోనూ ఉన్నాయి. నీళ్లు తప్ప ఏదీ వేరే పోలేదు.

మొలాసిస్ కథ వేరు. అది పెనంలో పుట్టలేదు, పంచదార మిల్లులో పుట్టింది. అక్కడ రసాన్ని కాచి పలుకు కట్టించి, గిర్రున తిరిగే యంత్రంలో వేసి పలుకుల్ని వేరు చేస్తారు. ఆ పలుకే పంచదార. మిగిలిన జిగట ద్రవాన్ని మళ్లీ కాచి ఇంకొంచెం పంచదార లాగుతారు, మళ్లీ ఇంకోసారి. సాధారణంగా మూడు సార్లు. ఇక లాగినా గిట్టదు అనుకున్నాక మిగిలే నల్లటి మడ్డే ఆఖరి మొలాసిస్. మన దగ్గర అది ఎక్కువగా సారాయి ఫ్యాక్టరీలకీ పశువుల దాణాకీ పోతుంది. అందులోనూ తీపి ఉంటుంది, సగం దాకా. కానీ చెరకులోని ఉప్పు, చేదు, పదే పదే కాచిన మాడు రుచి అన్నీ అందులోనే పోగుపడతాయి. సూపర్ మార్కెట్లలో మొదటి కాపుది, తియ్యటిది కూడా దొరుకుతుంది. మా పిల్ల తెచ్చుకున్నది మాత్రం ఆఖరిది, బ్లాక్‌స్ట్రాప్ అంటారు.

కాబట్టి నలుపు చూసి మోసపోకండి. బెల్లం నల్లగా ఉంటే అందులోంచి ఏమీ తియ్యలేదని. మొలాసిస్ నల్లగా ఉంటే అందులోంచి పంచదార తీసేశారని.

ఇంక బ్రౌన్ షుగర్ అని అందమైన ప్యాకెట్లలో వస్తుందే, అది చాలావరకు మామూలు తెల్ల పంచదారకే కాస్త మొలాసిస్ తిరిగి పూసింది. లేత రంగుదాంట్లో నూటికి మూడున్నర పాళ్లు, ముదురుదాంట్లో ఆరున్నర పాళ్ల దాకా ఉంటుంది. వేళ్లతో నలిపితే తడి ఇసుకలా ఉండేది అందుకే. వేరు చేసి, తెల్లబరిచి, మళ్లీ పూసి, రెట్టింపు ధరకి అమ్మడం నాకైతే మహా వింతగా ఉంటుంది. అన్ని గోధుమరంగు చక్కెరలూ అలాంటివే అనను, మస్కవాడో అని పలుకు వేరు చెయ్యకుండా ఆరబెట్టినవి కూడా ఉన్నాయి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవాలి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. మెక్సికో వాళ్ల దుకాణాల్లో పిలోన్సియో అని చిన్న శంకువుల్లా అమ్ముతారు, కొలంబియా వాళ్లది పనేలా. ఆ రెండూ అచ్చంగా మన బెల్లమే, అరిసెలకి కూడా పనికొస్తాయి. బ్రిటన్ వాళ్ల ట్రీకిల్ మాత్రం మొలాసిస్ పక్షం. జపాన్‌లో మన జంటే కనిపిస్తుంది: ఒకినావా దీవుల్లో చేసే నల్ల బెల్లం కొకుతో, దాన్ని నీళ్లలో కరిగించి కాస్తే కురోమిత్సు. మన దేశంలోనే మరాఠీ వాళ్లు పానకాన్ని కాకవి అంటారు. బెంగాలీ వాళ్లది ఖర్జూరపు చెట్టు నీరాతో కాచిన ఝోలా గుడ్, చలికాలంలోనే దొరుకుతుంది.

దుకాణంలో ఏది పట్టుకోవాలి

పసుపు పచ్చగా, గంధం ముద్దలా మెరిసే బెల్లం కనిపిస్తే నేను పక్కకి జరుగుతాను. ఆ రంగు కోసం మరిగే రసంలో హైడ్రోస్ అనే తెల్ల పొడి వేస్తారు. రంగు వెలిసిపోతుంది, మార్కెట్లో ధర పెరుగుతుంది. రైతుని ఏమనడానికీ లేదు, ముదురు బెల్లం తెస్తే ధర తగ్గించి కొనేది మనమే. అలా తెల్లబరిచిన బెల్లం ఇంట్లో రెండు మూడు వారాలుంటే మళ్లీ ముదురు రంగుకి తిరుగుతుంది. నాకు కావలసింది కొత్త చింతపండు రంగు. కాఫీ డికాక్షన్ అంత నలుపైతే అడుగంటిందో, చెరకు బాలేదో అనుకుంటాను.

ముక్క విరిచి చూడండి. విరిగిన చోట పలుకు మెరవాలి. గోరు గుచ్చితే గట్టిగా ఉండాలి, మైనంలా దిగిపోకూడదు. నోట్లో వేసుకుంటే తీపి వెనక చిన్న ఉప్పదనం ఉండటం తప్పేం కాదు, అది నేలదీ నీళ్లదీ. నాలిక మీద నిలిచిపోయేంత ఉప్పగా ఉంటే మాత్రం వద్దు. సందేహంగా ఉంటే ఒక ముక్క గ్లాసు నీళ్లలో కరగనిచ్చి అరగంట వదిలెయ్యండి. అడుగున తెల్లటి మట్టు దిగితే సుద్దపొడి కలిసిందని అనుమానించాలి. ఒకటి రెండు పిప్పి నలకలు, కాస్త మన్ను కనిపిస్తే భయపడక్కర్లేదు, వడగడితే పోతాయి.

నల్లబెల్లం సంగతి కూడా చెప్పాలి. అది మన దగ్గర వంటకన్నా నాటుసారాకే ప్రసిద్ధి. నల్లబెల్లం, పటిక బస్తాలు పట్టుకున్నారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ భయానికి మంచి ముదురు బెల్లాన్ని కూడా జనం చిన్నచూపు చూస్తారు. అదే బెల్లం మేడారం చేరితే బంగారం అయిపోతుంది. సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు, మనిషి ఎత్తు తూచి మరీ ఇస్తారు. అక్కడ దాని రంగెంత అని ఎవరూ అడగరు.

చెరకు పానకం కొనేటప్పుడు సీసా వంచి చూడండి. చల్లటి తేనెలా నెమ్మదిగా కదలాలి. నీళ్లలా కదిలితే లేతగా దించేశారు, పులిసిపోతుంది. మూత తియ్యగానే పులుపు వాసన, బుడగలు వస్తే పులిసిపోయినట్టే. అడుగున పలుకు కట్టి ఉంటే అది చెడిపోయిందని కాదు, సీసాని వేడి నీళ్లలో నిలబెడితే కరిగిపోతుంది.

బెల్లం నుంచి పానకం ఇంట్లోనే

మీ ఊళ్లో పానకం దొరక్కపోయినా బెంగ లేదు. వెనక్కి నడిచినట్టన్నమాట, బెల్లానికి పోయిన నీళ్లు తిరిగి ఇస్తే సరి. శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేసి గ్లాసుల్లో పంచే పానకం వేరు, అది పలచటి తాగే నీళ్లు. పేరొకటే కావడం మన తెలుగువాళ్ల సరదా.

అరకేజీ బెల్లం దంచి, పావులీటరు నీళ్లలో సన్నని సెగ మీద కరిగించండి. కరిగేదాకా మరగనివ్వొద్దు. పలచటి గుడ్డలో వడగట్టి, గిన్నె కడిగి మళ్లీ అందులోనే పొయ్యి మీద పెట్టండి. గిన్నె కడగమన్నది ఊరికే కాదు, అడుగున ఇసుక మిగిలితే తర్వాత పళ్ల కిందకి వస్తుంది. మరుగు పట్టాక పైకి తేలిన నురగ తీసెయ్యండి. అర చెంచా నిమ్మరసం వెయ్యండి. పులుపు తగిలితే పంచదార కొంత విడిపోయి, చల్లారాక పలుకు కట్టదు. పది పన్నెండు నిమిషాలకి గరిటె నుంచి జారే చుక్క ఆగి ఆగి పడుతుంది. రెండు వేళ్ల మధ్య పట్టి చూస్తే జిగురుగా ఉండాలి, తీగ సాగకూడదు. సాగిందంటే కాస్త ఎక్కువైంది, రెండు చెంచాల వేడినీళ్లు పోసి కలిపెయ్యండి.

వేడిగా ఉన్నప్పుడు పలచగా ఉందేమిటి అని ఇంకా కాస్తారు చాలామంది. నేనూ మొదటిసారి అలాగే కాచి, మర్నాడు సీసాలోంచి చెంచా బయటికి రాక సీసా పగలగొట్టుకున్నాను. చల్లారితే చిక్కబడుతుంది, నమ్మండి. అరకేజీ బెల్లానికి సుమారు 630, 650 గ్రాముల పానకం రావాలి. వంటింట్లో తూకం ఉంటే గిన్నె బరువు తీసేసి చూసుకోండి, థర్మామీటరు కన్నా అదే తేలిక.

ఏది ఎందులోకి

పైన పోసుకునేదానికీ, నంజుకునేదానికీ పానకం. గట్టిపడాల్సిన దేనికైనా బెల్లం.

దిబ్బ రొట్టెకి చెరకు పానకం తప్ప ఇంకేదీ నప్పదని నా గట్టి అభిప్రాయం. మూకుడులో అరచేయి మందాన కాలిన మినప రొట్టె, పైన ఎర్రగా కరకర, లోపల దూదిలా మెత్తన. ముక్క తుంచి పానకంలో ముంచితే ఆ మెత్తదనం పీల్చేసుకుంటుంది. బెల్లం తురుము చల్లితే పళ్ల కింద పడుతుంది తప్ప రొట్టెలోకి దిగదు. దోసెలకి, గారెలకి, పెరుగులో తీపికి, నిమ్మరసంలోకి కూడా పానకమే హాయి, కరిగించే పని లేదు.

అరిసెలు, పల్లీ పట్టి, గవ్వలు, నువ్వుండలు, పాకం చలిమిడి, వీటికి దిమ్మ బెల్లమే వాడండి. సీసా పానకాన్ని ఇంకా కాస్తే గట్టి పాకం రాదా అని అడుగుతారు. వస్తుంది. కానీ నిమ్మరసం వేసి పలుకు కట్టకుండా చేసింది కదా, అది గాల్లో తేమని లాక్కుంటుంది. పల్లీ పట్టి ఆ పూట ఠంగుమన్నా మర్నాటికి డబ్బాలో ముద్దయిపోతుంది. విశాఖ గాలిలో అయితే మర్నాడు కూడా అక్కర్లేదు, సాయంత్రానికే.

పూతరేకులకి మెత్తగా దంచి జల్లించిన పొడి బెల్లమే కావాలి. పానకం తగిలితే ఆ కాగితంలాంటి రేకు కరిగి చేతికి అంటుకుంటుంది. పప్పుచారు, పులుసుల్లోకి నిమ్మకాయంత ముక్కో, చెంచాడు పానకమో ఏదైనా ఒకటే, ఎవరూ కనిపెట్టలేరు.

ఒకదాని బదులు ఒకటి వెయ్యాల్సి వస్తే లెక్క ఇది: 100 గ్రాముల బెల్లానికి సుమారు 130 గ్రాముల పానకం, ఆ వంటలో నీళ్లో పాలో 30 గ్రాములు తగ్గించుకోవాలి. కేకు చేసేవాళ్లకి ఈ 30 గ్రాములే ముఖ్యం, అది మరిస్తే మధ్యలో పిండి పచ్చిగా ఉండిపోతుంది. బూరెల పూర్ణం, బొబ్బట్ల పూర్ణానికి గత్యంతరం లేనప్పుడు ముదురు బ్రౌన్ షుగర్ అంతే బరువు వేసి లాగించెయ్యొచ్చు, బెల్లం వాసన మాత్రం అడక్కూడదు. మొలాసిస్‌ని వీటిలో దేనికీ బదులుగా నేను ఒప్పుకోను.

అరిసెల పాకం, దగ్గర్నుంచి

మా పిల్లకి వీడియోలో చూపించింది ఇదే, అందుకని కొంచెం సాగదీస్తాను.

కేజీ బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే ఆడించి జల్లించిన పిండికి ముప్పావు కేజీ బెల్లం. గ్లాసుడు నీళ్లలో కరిగించి వడగట్టాక, మందపాటి గిన్నెలో మధ్యస్తపు సెగ. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. పాకం చిక్కబడి బుడగలు చిన్నవైనప్పటి నుంచి నిమిషానికోసారి పరీక్ష.

మొదటి చుక్క నీళ్లలో పడగానే మసకగా కరిగిపోతుంది. అది ఇంకా పానకమే. మా పిల్ల పిండిలో పోసిన దశ సరిగ్గా అదే, పైగా చేదుది. రెండు నిమిషాల తర్వాత చుక్క అడుగున పడి పరుచుకుంటుంది. వేలితో దగ్గరికి తోస్తే వస్తుంది, వదిలితే మళ్లీ జారుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడి దించేస్తారు. ఇంకో నిమిషం. ఇప్పుడు వేలితో దగ్గరికి తోస్తే ఉండవుతుంది. ఆ ఉండని నీళ్లలోంచి తీసి వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి, కానీ చేతికి కారిపోకూడదు. పసిపిల్లల చెవి తమ్మెలా ఉండాలి అనేది మా అమ్మమ్మ. అది ఉండపాకం, 112 నుంచి 116 డిగ్రీల మధ్య. వెంటనే పొయ్యి కట్టేసి, యాలకుల పొడి, నువ్వులు, చెంచా నెయ్యి వేసి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ ఒకరు కలపాలి, ఒకరు పొయ్యాలి. ఒంటరిగా చేస్తే గడ్డలు కడుతుంది.

ఇంకా కాస్తే ఉండ గట్టిపడి, పళ్లేనికేసి కొడితే ఠంగుమంటుంది. పల్లీ పట్టికి కావలసింది అది. అరిసెలకి అదైతే తినడానికి సుత్తి కావాలి.

పాకం లేతగా దింపేశామని నూనెలో వేసిన మొదటి అరిసే చెప్పేస్తుంది, అంచులు విచ్చుకుంటాయి. అప్పుడు మిగతావి వెయ్యకండి. గుప్పెడు పిండి కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే పిండి తేమ పీల్చుకుని చాలావరకు దారికొస్తుంది. పాకం ముదిరితే రెండు చెంచాల వేడి పాలు, కాస్త నెయ్యి వేసి మర్దించాలి. అది పూర్తిగా బాగుపడదు, కానీ తినేలా ఉంటుంది.

పాలు విరగకుండా

పరమాన్నంలో బెల్లం వేస్తే విరిగిందని ప్రతి పండక్కీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. బెల్లంలోనూ పానకంలోనూ కాస్త పులుపు ఉంటుంది, ఉప్పులూ ఉంటాయి. మరిగే పాలకి అవి తగిలితే విరుగుడే. అన్నం పాలలో మెత్తగా ఉడికాక పొయ్యి కట్టేసి, వేలు పెట్టి ఓర్చుకోగలిగేంత చల్లారాక, విడిగా కరిగించి వడగట్టి చల్లార్చిన బెల్లం నీళ్లు కలపండి. మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. నిమ్మరసం వేసిన పానకం ఇక్కడ అసలు వాడొద్దు.

షుగర్ ఉన్నవాళ్ల గురించి కూడా ఒక మాట. మా ఆయనకి పన్నెండేళ్లుగా ఉంది. "పంచదార కాదుగా, బెల్లమేగా" అని ఆయన చెయ్యి డబ్బా మీదకి వెళ్తుంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే, వంద గ్రాములకి దాదాపు 380 క్యాలరీలు. పానకంలో నీళ్లున్నాయి కాబట్టి అదే తూకానికి కొంచెం తక్కువ, అంతే. ఇనుము ఉంది, బలం అంటారు. ఉంటే ఉండొచ్చు, ఆ ఇనుము కోసం తినాల్సినంత బెల్లం తింటే డాక్టర్ దగ్గరికి వేరే పని మీద వెళ్లాల్సి వస్తుంది. డబ్బా అటకెక్కింది.

దాచుకోవడం

బెల్లానికి శత్రువు తేమ. వర్షాకాలం రాగానే దిమ్మ చెమర్చి, కింద నల్లటి నీరు చేరుతుంది. తాతల కాలంలో తాటాకు చుట్టి గడ్డిలో పెట్టేవారు. ఇప్పుడు నేను చేసేది: కొనగానే ముక్కలు కొట్టి, ఎండ వేడి తగిలేలా గంట ఆరనిచ్చి, గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టి, జూన్ రాకముందే ఫ్రిజ్‌లోకి. తడి చెంచా పెట్టకూడదు. పానకాన్ని కడిగి బాగా ఎండబెట్టిన గాజు సీసాలో, వేడి తగ్గకముందే మెడదాకా నింపి మూత పెట్టండి. మూత తీశాక ఫ్రిజ్. మా ఇంట్లో రెండు నెలలు నిలుస్తుంది, అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ మిగల్లేదు. బజారులో దొరికేది నెలల తరబడి ఉంటుంది కానీ చాలావాటిలో పాడవకుండా ఉండేందుకు ఏదో ఒకటి కలుస్తుంది, సీసా మీద రాసే ఉంటుంది.

మా పిల్ల మర్నాడు పిలోన్సియో వెతికి తెచ్చుకుంది. మూడో పరీక్షకి ఉండ కట్టింది. భోగి నాటికి అరిసెలు ఫోటో వచ్చింది, రెండు కాస్త మాడాయి, మిగతావి బాగున్నాయి. "మరి మిగిలిన మొలాసిస్ సీసా ఏం చెయ్యను పిన్నీ?" అంది. వాళ్ల పక్కింటావిడ క్రిస్మస్‌కి అల్లం బిస్కెట్లు చేస్తుందట, వాటిలో పడేది అదే. "ఆవిడకిచ్చెయ్" అన్నాను. ఇచ్చింది. ఆవిడ ఖాళీ చేతుల్తో పంపకుండా డబ్బాడు బిస్కెట్లు ఇచ్చిందట.